తుపాకీ చట్టం మారుస్తామంటే ఏ తలుపు తట్టాలి?

లైసెన్సు తుపాకులున్న పాఠకులు, పంట కాపలాకు లైసెన్సు అడుగుతున్న రైతులు రాసిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. ఎవరి పేరూ వేయలేదు. ఇంట్లో తుపాకీ ఉందని ఊరికి చాటడం ఎవరికీ మంచిది కాదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ తుపాకుల మీద కొత్త బిల్లు వస్తుందంటే చాలు, తుపాకులున్నోళ్ళంతా రాష్ట్ర రాజధానికి పోయి శాసనసభ్యుల్ని నిలదీస్తారని చెప్పినాడు. ఇంకో రాష్ట్రంలో తూటాల మీద కూడా అట్లే గొడవంట. మనం కూడా అందరం కలిసి అమరావతికి పోయి ఎమ్మెల్యేలకు చెప్పుకుంటే పనవుతుందా? — రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తిరుపతి

అవదు. మన ఎమ్మెల్యేలు వినకపోవడం వల్ల కాదు, ఆ పని వాళ్ళ చేతిలో లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా తీయండి. ఐదో అంశమే ఆయుధాలు, తుపాకులు, మందుగుండు, పేలుడు పదార్థాలు. వాటి మీద చట్టం చేసేది పార్లమెంటు ఒక్కటే. 1959 నాటి ఆయుధాల చట్టం కేంద్రానిది, దాని కింద వచ్చిన 2016 ఆయుధ నియమాలూ కేంద్రానివే. రాష్ట్ర శాసనసభ మహా అయితే ఇలా మార్చండని కేంద్రాన్ని కోరుతూ ఒక తీర్మానం చేయగలదు.

అమెరికా లెక్క వేరు. అక్కడ ఫెడరల్ చట్టం ఉన్నా, ఏ తుపాకీ అమ్మొచ్చు, మ్యాగజైన్‌లో (తుపాకీకి తగిలించే తూటాల డబ్బా) ఎన్ని తూటాలు పట్టొచ్చు, కొనేవాడి పూర్వాపరాలు ఎప్పుడు చూడాలి అనే వాటిలో చాలా భాగం రాష్ట్రాలే తేలుస్తాయి. అందుకే అక్కడి వాళ్ళు సొంత రాష్ట్ర రాజధాని మీద పడతారు. మీ అబ్బాయి చెప్పింది బహుశా 2020 జనవరి 20 నాటి సంగతి. ఆ రోజు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో సుమారు 22,000 మంది చేరారని అధికారుల అంచనా. గవర్నరు ముందుగానే అత్యవసర ఉత్తర్వు ఇచ్చి శాసనసభ ఆవరణలోకి ఆయుధాలు రానివ్వలేదు. ఆవరణ బయట వీధుల్లో మాత్రం జనం రైఫిళ్ళు తగిలించుకునే తిరిగారు.

అంత జనం వచ్చి ఏం సాధించారనేది మనవాళ్ళు గమనించాల్సిన సంగతి. అమ్మకాల ముందు పూర్వాపరాల తనిఖీ, నెలకు ఒకే చేతి తుపాకీ కొనాలనే నియమం, ప్రమాదకరంగా ఉన్న మనిషి దగ్గర నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకీ తీసుకోవడం, ఈ మూడూ ఆ ఏడాదే చట్టాలయ్యాయి. ఆగింది ఒక్కటి. సైనిక తరహా రైఫిళ్ళ అమ్మకాన్ని, 12 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లను నిషేధించే బిల్లు దిగువ సభలో 51-48తో నెగ్గింది కానీ, ఫిబ్రవరి 17న సెనేట్ న్యాయ కమిటీలో 10-5 ఓట్లతో మరుసటి ఏడాదికి వాయిదా పడింది. అధికార పార్టీ సెనేటర్లు నలుగురు కూడా వాయిదాకే ఓటేశారు. రోడ్డు మీద ఎంత జనం ఉన్నా, లెక్క తేలింది పదిహేను మంది కూర్చున్న గదిలో. ఆ పదిహేను మందిలో ఎవరు ఊగిసలాడుతున్నారో కనిపెట్టి, వాళ్ళ నియోజకవర్గం ఓటర్ల చేత క్లాజు (బిల్లులోని ఒక్కో అంశం) వారీగా అభ్యంతరం చెప్పించడమే లాబీయింగ్‌లో అసలు పని.

తూటాల గొడవ కాలిఫోర్నియాది అయ్యుంటుంది. అక్కడ 2016లో ప్రజలే ఓటేసి ఆమోదించిన ప్రతిపాదన ప్రకారం 2019 జూలై 1 నుంచి తూటాలు కొన్న ప్రతిసారీ తనిఖీ జరగాలి. తుపాకీదారులు దాని మీద కోర్టుకెక్కారు. న్యూయార్క్‌లో అలాంటి తనిఖీ 2023 సెప్టెంబరులో మొదలైంది. మన దేశంలో లైసెన్సు చూపకుండా తూటా కొనే వీలే లేదు, కొన్నదల్లా డీలరు రిజిస్టరులోకి ఎక్కాల్సిందే. వాళ్ళు దేని మీద కోర్టుకు పోతున్నారో, మనకు అది ఎప్పటి నుంచో మామూలు.

ఇంకొక మాట. వాళ్ళ రాజ్యాంగ రెండో సవరణలో ఆయుధం ధరించే హక్కు ఉంది. మన రాజ్యాంగంలో అలాంటిది లేదు. పైగా సమావేశమయ్యే హక్కు ఇచ్చే 19(1)(బి) అధికరణమే 'శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా' అంటుంది. రిచ్‌మండ్ ఫొటోలు చూసి, లైసెన్సు ఉంది కదా అని భుజాన తుపాకీతో కలెక్టరేట్ ముందు ధర్నాకు కూర్చుంటే కేసూ తప్పదు, లైసెన్సూ పోతుంది.

ప్రశ్న: అయితే మన మాట ఎవరు వింటారు? మళ్ళీ చట్టం మారుస్తారని అనుకుంటా ఉన్నారు. అర్జీ ఎట్లా రాయాల, ఎవరికి ఇయ్యాల? — లైసెన్సుదారుడు, చంద్రగిరి

వింటారనడానికి మన దగ్గరే తార్కాణం ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ బిల్లు మొదట ఒక మనిషికి ఒకే తుపాకీ అంది. అంతకుముందు మూడు ఉండేవి. అభ్యంతరాలు వచ్చాక ప్రభుత్వమే తగ్గి రెండు చేసింది. రైఫిల్ క్లబ్బుల సభ్యులకు అదే సవరణలో సడలింపు దొరికింది. అంతకుముందు వాళ్ళు సాధనకు .22 రైఫిల్ గానీ ఎయిర్ రైఫిల్ గానీ వాడాలనే పరిమితి ఉండేది, అది తీసేశారు. లైసెన్సు గడువు కూడా మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది.

కాలం ఎంత దొరికిందో కూడా చూడండి. బిల్లు నవంబరు 29న లోక్‌సభలో పెట్టారు, డిసెంబరు 9న అక్కడ, 10న రాజ్యసభలో నెగ్గింది, 14 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే పెట్టిన పది రోజులకే లోక్‌సభ దాటేసింది. పేపర్లో చదివి, సంఘం మీటింగు పెట్టి, తీర్మానం రాసి, సంతకాలు పోగేసేసరికి అంతా అయిపోతుంది. కాబట్టి రెండు సందర్భాలు పట్టుకోవాలి. ఒకటి, ముసాయిదా దశ. కేంద్ర శాఖలు చట్టం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014లో ఒక విధానం వచ్చింది. అన్నిసార్లూ పాటించరు గానీ, హోం శాఖ వెబ్‌సైటులో ముసాయిదా కనబడితే ఆ 30 రోజులూ బంగారం. రెండు, బిల్లు సభలో పెట్టిన రోజు నుంచి క్లాజుల చర్చ దాకా. ఎంపీ సవరణ ప్రతిపాదించాలంటే చర్చకు ఒక రోజు ముందు నోటీసు ఇవ్వాలి. మీ కాగితం అంతకు ముందే ఆయన చేతిలో ఉండాలి, అదీ సవరణ రూపంలోనే.

అంటే ఎలా? తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో ముసాయిదాలోని క్లాజు సంఖ్య, దాని మాటలు ఉన్నవి ఉన్నట్టు. రెండో గడిలో దాని వల్ల ఎవరికి ఏ ఇబ్బంది, రెండు మూడు వాక్యాల్లో. మూడో గడిలో దాని బదులు ఏ మాటలు ఉండాలో. ఎక్కువ అర్జీలు ఈ మూడో గడి దగ్గరే చచ్చిపోతాయి. 'ఈ బిల్లు అన్యాయం, ఉపసంహరించాలి' అని రాస్తే చదివిన అధికారి ఫైలు మీద 'గమనించడమైనది' అని రాసి పక్కన పెడతాడు. 'ఫలానా క్లాజులో ఒకటి అన్నచోట రెండు అని ఉండాలి' అంటే మాత్రం దాని మీద ఎవరో ఒకరు అవుననో కాదనో రాయక తప్పదు.

ఇవ్వాల్సింది కేంద్ర హోం శాఖకు ఒకటి, మీ ఎంపీకి ఒకటి. చంద్రగిరి శాసనసభ నియోజకవర్గం చిత్తూరు లోక్‌సభ కిందికి వస్తుంది, జిల్లా మాత్రం తిరుపతి. ఈ తికమకలో చాలామంది తిరుపతి ఎంపీకి ఇచ్చి వస్తుంటారు. బిల్లును పార్లమెంటు స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీ) పంపితే ఆ సంఘం అభిప్రాయాలు కోరుతూ ప్రకటన ఇస్తుంది, అప్పుడు దానికి కూడా పంపండి. ఇవి కాక లోక్‌సభకే నేరుగా పిటిషన్ వేసుకోవచ్చు. సభను ఉద్దేశించి రాయాలి, చివర మీరు కోరేదేమిటో ప్రార్థన రూపంలో ఉండాలి. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. దానికి ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర కాగితాలు జతచేయకూడదు. మనకు అలవాటైన జిరాక్సుల కట్ట ఇక్కడ పనికిరాదు. ఎంపీ సభలో సమర్పిస్తే ఆయన సంతకం కూడా కావాలి.

సంతకాల సంఖ్య కంటే సంతకం పక్కన ఏముందో ముఖ్యం. పంట లైసెన్సు, ఆత్మరక్షణ, క్రీడ, వీటిలో ఏ రకం లైసెన్సుదారుడో, ఏ మండలమో రాయండి. తుపాకీ నంబరు, యూఐఎన్ (లైసెన్సుదారుడికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), ఇంటి నంబరు మాత్రం అందరూ చూసే కాగితంలో పెట్టొద్దు, ఏ ఇంట్లో తుపాకీ ఉందో దొంగలకు జాబితా ఇచ్చినట్టవుతుంది. వాట్సాప్‌లో తిరిగే ఒకే నమూనా మీద రెండొందల మంది సంతకాలు పెడితే ఢిల్లీలో అది ఒక్క ఉత్తరం కిందే లెక్క. అమెరికా వాదన కాపీ కొట్టి 'ఇది మా హక్కు' అని మొదలుపెట్టినా అంతే.

ఎమ్మెల్యే దగ్గరకు పోవద్దని అనడం లేదు. మీ రెన్యువల్ ఫైలు కలెక్టరేట్‌లో ఆరు నెలలుగా కదలకపోతే ఆయన ఫోను పనికొస్తుంది, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చే అర్జీ కూడా పనికొస్తుంది. చట్టం మార్చే పనికి మాత్రం రెండూ చాలవు.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. చెనిక్కాయ, టమోటా వేసినాం. రాత్రయితే అడివి పందులు, అప్పుడప్పుడు ఏనుగులు. మా తాత కాలంలో మందు దట్టి కాల్చే తుపాకీ ఉండేదంట. ఇప్పుడు ఇస్తారా? — రైతు

ఏనుగుల సంగతి ముందు తేల్చేద్దాం. ఏనుగు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. ఏ లైసెన్సూ దాని మీద తుపాకీ ఎత్తడానికి పనికిరాదు. నాటు తుపాకీ గుండు తగిలిన ఏనుగు చావదు, ఆ ఊరి మీదికే వస్తుంది. ఏనుగులు దిగితే అటవీ శాఖకు చెప్పడమే దారి. 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరిమే శిక్షణ పొందిన ఏనుగులు వచ్చాయి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం కూడా పెట్టారు.

పందుల విషయానికి వస్తే, చట్టంలో మీకు కొంచెం చోటుంది. ఆయుధాల చట్టం సెక్షన్ 13(3) నిజమైన పంట కాపలా కోసం మూతి నుంచి మందు దట్టే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటుంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని బ్యారెల్ (గొట్టం) ఉన్న స్మూత్ బోర్ గన్‌కు, అంటే గొట్టం లోపల నున్నగా ఉండేదానికి కూడా ఇవ్వొచ్చు. ఆస్తి తక్కువని లైసెన్సు నిరాకరించకూడదని సెక్షన్ 14(2) చెబుతోంది. రెండెకరాల రైతుకు ఈ మాట పనికొస్తుంది.

అడ్డం పడేది మరోచోట. మీ ఊరు కౌండిన్య అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉంటే, వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి లేకుండా కొత్త లైసెన్సు ఇవ్వకూడదు. తిరుపతి వైపు శ్రీవేంకటేశ్వర అభయారణ్యం, సూళ్ళూరుపేట వైపు పులికాట్, నేలపట్టు చుట్టుపక్కల ఉన్నవాళ్ళకూ ఇదే. పాత లైసెన్సుదారులు కూడా అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఈ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు. పోలీసు రిపోర్టు బాగానే వచ్చిందే, ఫైలు ఎందుకు ఆగింది అని తిరుగుతుంటారు. అటవీ శాఖకు లేఖ వెళ్ళిందా లేదా అని కలెక్టరేట్ మెజిస్టీరియల్ సెక్షన్‌లో మొదటే అడిగి, లేఖ నంబరు రాసుకోండి.

దరఖాస్తు ఫారం ఏ-1. ఎక్కువమంది కారణం దగ్గర 'ఆత్మరక్షణ' అని రాసి, కింద పందుల గురించి చెప్పుకుంటారు. ఆ రెండింటికీ పొంతన కుదరక దరఖాస్తు తిరిగొస్తుంది. 'పంట రక్షణ' అనే రాయండి. పట్టాదారు పాసుపుస్తకం, 1బి మాత్రం పెడితే భూమి మీదని తెలుస్తుంది కానీ పంట ఉందని తెలియదు. అందుకు అడంగల్ కావాలి, సర్వే నంబరు వారీగా పంట పేరు అందులోనే ఉంటుంది. పందులు తవ్విన చేను ఫొటోలు తేదీతో సహా, వ్యవసాయాధికారి ఇచ్చిన నష్టం అంచనా ఉంటే మరీ మంచిది. ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా వాడే శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కూడా నియమాల్లో ఉన్నవే. వయసు 21 నిండాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద అప్పీలుకు 30 రోజులే గడువు.

లైసెన్సు వచ్చిందనుకోండి, అయినా పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. పంటకు ప్రమాదకరంగా మారిన జంతువును చంపడానికి వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద అటవీ అధికారి రాతపూర్వక ఉత్తర్వు వేరే ఉండాలి. లైసెన్సులో రాసిన పరిధి, అంటే మీ గ్రామం, మీ భూమి, దాటకూడదు. తుపాకీ పట్టుకుని అభయారణ్యంలోకి అడుగు పెడితే అదే ఒక నేరం. ఇదంతా పడలేక కొందరు మామిడి తోటల్లో నాటు బాంబుల ఉండలు పెడుతున్నారు, ఇంకొందరు కంచెకు కరెంటు ఇస్తున్నారు. ఆ ఉండలు కొరికి దవడ పగిలేది ఎక్కువగా మన ఆవులకే. కరెంటు కంచెకు మనుషులే పోతున్నారు.

ప్రశ్న: ఎన్నికలొస్తే చాలు, తుపాకీ స్టేషన్లో ఇచ్చేయమంటారు. పోయినసారి తెచ్చుకుంటే బ్యారెల్ అంతా తుప్పు. ఇయ్యనంటే ఏమవుతుంది? — శ్రీకాళహస్తి

నోటీసు అందాక ఇవ్వకపోతే ఉత్తర్వు ఉల్లంఘన కింద కేసు పెట్టొచ్చు, రెన్యువల్ నాడు అదే మీకు ఎదురు తిరుగుతుంది. అయితే లైసెన్సున్న వాళ్ళందరి దగ్గరా గుత్తగా తీసుకోమని ఎన్నికల సంఘం చెప్పలేదు. కలెక్టరు, ఎస్పీ ఉన్న స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్క లైసెన్సునూ పరిశీలించాలి. బెయిలు మీద ఉన్నవాళ్ళు, నేరచరిత్ర ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఎన్నికల అల్లర్లలో పేరున్నవాళ్ళు ముందు వరసలో ఉంటారు. బ్యాంకు కాపలాదారులకు, పోటీలకు వెళ్ళే క్రీడాకారులకు మినహాయింపు ఉంది. కానీ ఆచరణలో కానిస్టేబుల్ ఇంటికొచ్చి 'సార్ తెచ్చేయమన్నారు' అనడమే ఎక్కువ. మీకు ప్రాణభయం ఉందనో, పంట కోత సమయమనో గట్టి కారణం ఉంటే షెడ్యూలు ప్రకటించిన వారంలోనే స్క్రీనింగ్ కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోటీసు వచ్చాక చెప్పుకుంటే వినే తీరిక ఎవరికీ ఉండదు.

ఇక తుప్పు. స్టేషన్ గదిలో గాలి ఆడదు, తుపాకీలు ఒకదాని మీద ఒకటి గుడ్డసంచుల్లో పడి ఉంటాయి. చెమట చేతుల్తో పట్టుకున్న చోట ఉప్పు అంటి ముందు అక్కడే తుప్పు లేస్తుంది. అప్పగించే ముందు రోజు బ్యారెల్ లోపల పొడిగుడ్డతో మసి తీసి, తుపాకీ నూనె పలచగా పూయండి. కొబ్బరి నూనె వద్దు, ఆరాక జిగురు కట్టి ట్రిగ్గరు భాగాన్ని బిగబడుతుంది. బయట కూడా నూనెగుడ్డతో తుడిచి చేత్తో తాకకుండా సంచిలో పెట్టండి. తోలు కవరు వద్దు, తేమ పట్టేసుకుంటుంది. నంబరు కనబడేలా, చెక్క మీదున్న పాత గీతలు కనబడేలా ఫొటోలు తీసుకోండి. రసీదులో తుపాకీ రకం, నంబరు, తూటాల సంఖ్య రాయించుకోండి. 'ఒక గన్ ముట్టినది' అని రాసిన చీటీ ఎందుకూ పనికిరాదు. ఫలితాలు వచ్చిన వారం తర్వాత వెంటనే తిరిగివ్వాలి. ఆ తేదీ దాటితే ఎస్పీ కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి.

స్టేషన్ ఇష్టం లేకపోతే లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేసి ఆ రసీదు స్టేషన్లో ఇస్తానని అడిగి చూడండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. డీలరు నెలకింత అని తీసుకుంటాడు, కానీ నూనె పెట్టి నిలబెడతాడు.

ప్రశ్న: మా నాయన చనిపోయినాడు. ఆయన పేరు మీద డబుల్ బ్యారెల్ గన్ ఒకటి, రివాల్వరు ఒకటి ఉన్నాయి. నాకు ఇదివరకే ఒక తుపాకీ ఉంది. అన్నీ నా పేరుకు మార్చుకోవచ్చునా? — చిత్తూరు

మొత్తం రెండే. వారసత్వంగా వచ్చినా రెండుకు మించి కుదరదని 2019 సవరణ స్పష్టంగా చెప్పింది. మూడున్న వాళ్ళు 2020 డిసెంబరు 13 లోగా ఒకటి అప్పగించాల్సి వచ్చింది.

ముందు చేయాల్సింది, ఆ రెంటినీ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయడం. లైసెన్సు ఉన్న మనిషి పోయాక ఆ తుపాకీ ఇంట్లో ఉండటం ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం చట్టవిరుద్ధం. కర్మకాండలు అయ్యాక చూద్దాంలే అని నెలల తరబడి బీరువాలో ఉంచేస్తారు. లైసెన్సు లేని తుపాకీకి ఇప్పుడు శిక్ష రెండు నుంచి ఐదేళ్ళు. తర్వాత మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రాలు పెట్టి ఒకదానికి మీరు దరఖాస్తు చేసుకోండి. రెండోది అక్కగానీ తమ్ముడుగానీ అడగొచ్చు, వాళ్ళకు వాళ్ళ సొంత అర్హత ఉండాలి. అమ్మేట్టయితే కొనేవాడికి లైసెన్సు ఉండాలి. అమ్ముతున్నట్టు కలెక్టరుకో దగ్గర్లోని స్టేషన్‌కో కొనేవాడి పేరు, చిరునామాతో రాసిచ్చి 45 రోజులు ఆగాలి.

బతికున్నప్పుడే మార్చుకునే దారి కూడా ఉంది. లైసెన్సుదారుడికి 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళుగా తన దగ్గర ఉన్నా వారసుడి పేరు మీదికి అడగొచ్చు. ఇంట్లో పెద్దాయనకు 70 దాటినవాళ్ళు ఇది ఇప్పుడే చూసుకోవడం మేలు.

పాలెగాళ్ళ కాలం నాటి తుపాకీ గోడకు వేలాడుతోందని రాసిన పుంగనూరు పాఠకుడికి: బాగు చేయించినా పేలే స్థితిలో లేని పురాతన ఆయుధానికి చట్టం వర్తించదు. పేలదని మీరు అనుకుంటే చాలదు, ఆర్మరర్, అంటే ఆయుధాల మరమ్మతు నిపుణుడు చూసి చెప్పాలి.

ప్రశ్న: తూటాలు వేలూరులో గానీ చెన్నైలో గానీ కొనుక్కోవచ్చా? పాతవి పదేళ్ళవి ఉన్నాయి, వాడొచ్చా? — నగరి

ముందు మీ లైసెన్సులో ఏరియా వ్యాలిడిటీ చూడండి. జిల్లా అనో, ఆంధ్రప్రదేశ్ అనో ఉంటే తుపాకీ గానీ తూటా గానీ తమిళనాడులో మీ దగ్గర ఉండకూడదు. నగరి వాళ్ళకు తిరుత్తణి పక్క ఊరే, అయినా సరిహద్దు సరిహద్దే. లైసెన్సులో రెండు అంకెలు ఉంటాయి, ఒకేసారి దగ్గర ఉంచుకోగలిగినవి, ఏడాదిలో కొనగలిగినవి. రెండింటిలో ఏది దాటినా తప్పే. పాతవి పది మిగిలుండగా ఒకేసారి పరిమితి నిండా కొనడం అందరూ చేసే పొరపాటు.

పదేళ్ళ తూటాల్లో కాగితం గొట్టం ఉన్నవి వానాకాలం తేమకు ఉబ్బుతాయి. చాంబర్‌లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) బిగుసుకుంటే బలవంతంగా తోయొద్దు. ఇత్తడి అడుగున పచ్చటి చిలుము పట్టినవి, ప్రైమరు (తూటా అడుగున మందును అంటించే చిన్న బిళ్ళ) లోపలికి నొక్కుకుపోయినవి పక్కన పెట్టి డీలరుకు అప్పగించండి. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే మూతి నేల వైపో ఖాళీ వైపో పెట్టి కనీసం 30 సెకన్లు కదలకండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది.

తాతల నాటి డబుల్ బ్యారెల్‌లో ఇంకో చిక్కు. వాటిలో చాలా వరకు చాంబర్ పొడవు 65 మిల్లీమీటర్లు, ఇప్పుడు దొరికే చాలా తూటాలు 70వి. మూసి ఉన్న తూటా చాంబర్‌లో చక్కగా కూర్చుంటుంది, అందుకే మోసపోతారు. పేలినప్పుడు దాని మూతి విచ్చుకుని ముందున్న సన్నటి భాగంలోకి పోతుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. బ్యారెల్ కింద చెక్కిన అంకె చూసి కొనండి. బ్యారెల్ మీద అలలు అలలుగా గీతలుంటే అది డమాస్కస్ రకం, అందులో నేటి తూటా అసలు వాడకూడదు.

ప్రశ్న: ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలా? — పుత్తూరు

4.5 మిల్లీమీటర్లకు, అంటే .177 అంగుళాలకు మించని బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ళకు మించని శక్తి ఉంటే అక్కర్లేదు. రెంటిలో ఏది మించినా కావాలి. కొన్నప్పుడు గుర్తింపు కార్డు ఇచ్చి బిల్లు దాచుకోండి. దానితో పావురాలనో కుందేళ్ళనో కొడితే వన్యప్రాణి చట్టం కిందికి వస్తారు, గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాట అక్కడ చెల్లదు.

ప్రశ్న: గంగ జాతరలో, పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి ఒక రౌండు కాలిస్తే? — తిరుపతి

రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆయుధాల చట్టం సెక్షన్ 25(9), ఇదీ 2019లో వచ్చిందే. ఎవరికీ దెబ్బ తగలకపోయినా కేసే. వీడియో తీసి స్టేటస్ పెట్టే మీ మేనల్లుడే సాక్షి.

ప్రశ్న: నా లైసెన్సు చిత్తూరు కలెక్టరు ఇచ్చింది. ఇప్పుడు మేము తిరుపతి జిల్లా. రెన్యువల్ ఎక్కడ? — ఏర్పేడు

2022 ఏప్రిల్ 4 నుంచి మీ జిల్లా మెజిస్ట్రేటు తిరుపతి కలెక్టరే. గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు దరఖాస్తు అక్కడే పెట్టండి. అంతకంటే ముందు మీ పాత ఫైలు చిత్తూరు నుంచి వచ్చిందో లేదో కనుక్కోండి, లైసెన్సు పుస్తకంలోని పాత నంబరు, యూఐఎన్ రెండూ చెబితేనే వెతకగలరు. సూళ్ళూరుపేట, వెంకటగిరి వాళ్ళ ఫైళ్ళు నెల్లూరు నుంచి రావాలి. యూఐఎన్ లేని లైసెన్సు చెల్లదు. పుస్తకంలో ఆ నంబరు కనబడకపోతే రెన్యువల్ గడువు దాకా ఆగకుండా సోమవారమే కలెక్టరేట్‌కు వెళ్ళండి. లైసెన్సు పుస్తకం అసలు, అన్ని పేజీల జిరాక్సు రెండు సెట్లు తీసుకెళ్ళండి. తుపాకీని మాత్రం వెంట తీసుకుపోకండి, చూపించమని రాతపూర్వకంగా అడిగితే తప్ప.